లేని కంప్యూటర్‌కు నామకరణం

లేని కంప్యూటర్‌ను మించిన కంప్యూటర్ లేదు! దానికి దుమ్ము పట్టదు. ఎలుకలు దాని వైరు కొరకవు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. రెండు వేల ఎనిమిదిలో అలాంటిది ఒకటి సాక్షాత్తూ నా పేరు మీద ఉండేది.

నేను చరిత్ర లెక్చరర్‌ని. మా డిగ్రీ కాలేజీ వనపర్తికీ ఆత్మకూరుకూ మధ్య ఎక్కడో ఉంది. పేరడక్కండి. బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం పిల్లలు ముప్పై ఇద్దరు. పనిచేసే కంప్యూటర్ ఒక్కటి.

ఆ ఒక్కదానితో నెట్టుకొచ్చేది సరిత. కాంట్రాక్టు మీద పనిచేసే ల్యాబ్ టీచర్. రోజూ ఆత్మకూరు బస్సులో నిలబడి వచ్చేది. సిలబస్‌లో లినక్స్ ఉంది, కంప్యూటర్‌లో విండోస్ ఉంది. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. అసలు కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్ వేసింది. అలా పుట్టినదాన్ని వర్చువల్ మిషన్ అంటారట. పిల్లలు దాన్ని పాడుచేసినా అసలుది చెడదు.

అక్కడితో ఆగితే అది ఉత్త చదువు అయ్యేది. కానీ మా ప్రిన్సిపాల్ కురుమూర్తి గారి కంట పడింది!

"ఇసుంటివి ఎన్ని చేయొచ్చమ్మా?" అని అడిగారాయన.

"ఎన్నన్న చేయొచ్చు సార్. గని అన్నీ గీ ఒక్క డబ్బల్నే ఉంటయి."

ఆయన మొదటి ముక్కే విన్నారు. త్వరలో రాబోయే తనిఖీలో చూపించడానికి, ఉన్నదాంతో కలిపి డిపార్ట్‌మెంటుకొకటి చొప్పున ఎనిమిది చేయమన్నారు.

కొత్త మిషన్ చేయాలంటే ముందుగా 'జనరల్' అనే పేజీ వస్తుంది. పేరేమిటి? ఏ ఆపరేటింగ్ సిస్టమ్? మెమరీ ఎంత? వివరణ ఏమిటి? పాఠకులారా, ఇంత మర్యాదగా మిమ్మల్ని ఏ ఆఫీసులోనైనా అడిగారా? రేషన్ కార్డులో మీ పేరు తప్పు రాసేముందు ఒక్కసారైనా అడిగారా?

పేర్ల కోసమే స్టాఫ్ మీటింగ్ రెండు రోజులు నడిచింది. ఫిజిక్స్ సారూ కెమిస్ట్రీ సారూ ఇద్దరూ 'సైన్స్' అనే పేరే కావాలని పట్టుబట్టి, అప్పటినుంచి ఒకే స్కూటర్ మీద రావడం మానేశారు. మెమరీ దగ్గరికి వచ్చేసరికి నేను లేచాను. "జ్ఞాపకమంటేనే చరిత్ర! అందరికీ నూట ఇరవై ఎనిమిది ఎంబీ ఇస్తే, నాకు దానికి రెండింతలు కావాలి!" అన్నాను. చప్పట్లు మోగాయి. చరిత్ర మిషన్‌కు నా పేరే పెట్టించి, వివరణ గడిలో 'ఘనమైన గతం' అని రాయించుకున్నాను.

సరిత మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. "సార్, మొత్తం ఉన్నదే ఒక్క జీబీ. మీకందరికి పంచితే అసలు మిషన్‌కు ఏం మిగుల్తది? పిల్లలు దేంట్ల నేర్సుకోవాలె?"

"జర సర్దుకో సరితమ్మా," అన్నారు ప్రిన్సిపాల్.

తనిఖీ రోజు వచ్చింది. ఎనిమిదీ ఆన్ చేయబోతే నాలుగోదానికే స్క్రీన్ బిగుసుకుపోయింది. మౌస్ బాణం కూడా కదల్లేదు. వచ్చిన అధికారి ముచ్చటపడ్డారు. "ఎంత నిలకడగా ఉంది!" అన్నారు.

సరిత ఉండబట్టలేక చెప్పేసింది. "సార్, గివి కంప్యూటర్లు కావు. ఉన్నది గిదొక్కటే."

"ఎనిమిదింటికీ పేర్లున్నాయి, మెమరీ ఉంది, వివరణ కూడా ఉంది. రిజిస్టర్‌కు ఇంతకంటే ఏం కావాలమ్మా?" అని ఆయన రిజిస్టర్‌లో ఎనిమిది అని వేసుకున్నారు. కింద సాక్షి సంతకం ఎవరిదనుకున్నారు? నాదే! ఎనిమిది ఉన్నవాళ్లకు మళ్లీ ఎందుకని, మాకు రావలసిన కొత్త కంప్యూటర్లు ఇంకో కాలేజీకి వెళ్లిపోయాయి.

తర్వాత ప్రాక్టికల్ పరీక్ష. మూడు గంటలు, ముప్పై ఇద్దరు, ఒక్క కీబోర్డు. తలా ఆరు నిమిషాలు కూడా రావు. ఆ రోజు కాపలా డ్యూటీ నాది. వరుసలోంచి వనజ అనే అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. ఆమె ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది ఆమె ఒక్కతే.

"సార్, రిజిస్టర్ల ఎనిమిది ఉన్నయంట. ఒకటి మీ పేరు మీదుందంట. గది యాడుందో చూపియ్యుండ్రి, నేను దాంట్ల పరీక్ష రాస్త."

వెటకారమైతే గద్దించి పంపేవాణ్ణి. ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఇరవై ఏళ్లుగా రాజుల తప్పులన్నీ గడగడా చెప్పిన నాకు, రిజిస్టర్‌లో నేను పెట్టిన సంతకం గుర్తొచ్చింది.

సరిత దగ్గరకు వెళ్లాను. "అమ్మా, నాది తీసెయ్. మిగతావి కూడా తీసెయ్. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటా."

ఆమె నన్నోసారి ఎగాదిగా చూసింది. ఎనిమిదింటిలో పిల్లలకు కావలసిన లినక్స్ ఒక్కటి ఉంచి, మిగతా ఏడూ చెరిపేసింది. కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌ను నేనే బతిమాలాను. పరీక్ష మూడు రోజులు జరిగింది, ఒక్కొక్కరికి అరగంట దొరికింది. వనజ పాసయింది. నేను రిజిస్టర్ తెప్పించి, ఎనిమిది కొట్టేసి 'ఒకటి' అని రాసి సంతకం పెట్టాను.

నిజం రాస్తే ఏమవుతుందంటారా? పది రోజుల్లో మెమో వచ్చింది. కాలేజీకి చెందిన ఏడు కంప్యూటర్లను మాయం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట!

వెంటనే ఇచ్చాను. "అయ్యా, అవి ఎక్కడికీ పోలేదు. రిజిస్టర్‌లో ఉన్న మా లైబ్రరీ కొత్త పుస్తకాల పక్కనే, ఆడపిల్లల బాత్రూములో ఉన్నట్టు రాసిన ఆ నీళ్ల కుళాయి కిందనే భద్రంగా ఉన్నాయి. తమరు స్వయంగా వచ్చి చూసుకోగలరు."

ఇంతవరకూ ఎవరూ రాలేదు.