ఎల్లస్వామి గారి జపాను పటం

వరంగల్ పట్టణ కళాభ్యుదయ సంఘం వారు జపాను దేశాన్ని గౌరవించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఈ సంగతి ఆ దేశానికి తెలియకపోవడం సంఘం తప్పు కాదు. సంఘాధ్యక్షులు గట్టయ్య గారి నెక్కొండ రైసు మిల్లుకు కొత్త యంత్రంతో పాటు ఒక జపాను క్యాలెండరు వచ్చింది. దాని నిండా ఆ దేశపు పాతకాలపు బొమ్మలు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, వేలకొద్దీ అచ్చు వేసుకునే బొమ్మలవి. అంత సులువుగా అచ్చయ్యేవాటిని చేత్తో ఒక్కొక్కటే గీయించి టౌను హాల్లో పెడితే, యంత్రాలను చూసుకోవడానికి రాబోయే జపాను అతిథులు మురిసిపోతారని గట్టయ్య గారి నమ్మకం.

పని ఎల్లస్వామికి అప్పగించారు. సినిమా హాళ్లకు బేనర్లు రాసే ఎల్లస్వామికి ఒకటే దిగులు. శుక్రవారం ఎక్కిన హీరో ఎంత నిలువెత్తు మీసాలతో వెలిగినా, ఆట మారిందంటే సున్నం పూసి అదే గుడ్డ మీద ఇంకో హీరోను ఎక్కించాలి. పట్టణమంతా అతని బొమ్మలు చూసింది గాని, ఒక్కటీ మిగల్లేదు. అందుకే కూలి సంగతి వదిలేసి ఇంకో మాట అడిగాడు.

"పటేలా, కింద నా పేరు రాసుకుంటనే?"

"రాస్కోవోయ్. జపానోళ్లు గూడ బొమ్మ మూలకు ఎర్ర డబ్బా గీసి అండ్ల పేరు రాస్కున్నరు గదా!" అన్నారు గట్టయ్య గారు ఉదారంగా.

కళ అంటే సంఘానికి ప్రాణం కనుక సవరణలు వెంటనే వచ్చాయి. క్యాలెండరు బొమ్మలో సముద్రం మీద లేచిన అంత పెద్ద అలను చూస్తే జనం వరద అనుకుంటారని ఒక సభ్యుడు తగ్గించమన్నారు. తగ్గించగా తగ్గించగా సముద్రం వడ్డేపల్లి చెరువులా తేటపడింది. మంచుకొండ బోడిగా ఉందని దాని నెత్తిన గుడి కట్టించారు. గొడుగు పట్టుకున్న జపాను ఆవిడ నుదురు చూడలేక బొట్టు పెట్టించారు, ఆ తర్వాత గాజులు కూడా వేయించారు.

చివరిది ఒక నాటకాల నటుడి బొమ్మ. మెల్లకన్ను, వంకర మూతి, వేళ్లు విచ్చి చాచిన చేతులు. దీనికి మాత్రం ఏ సవరణా రాలేదు. ఈ ముఖాన్ని ఏదో ఆఫీసులో చూశామనే అందరికీ అనిపించింది. ఎల్లస్వామి దాన్ని ప్రాణం పెట్టి గీశాడు. కింద నడిమధ్యన ఎర్ర డబ్బా గీసి, అందులో నిలువుగా తన పేరు రాసుకున్నాడు. ఇంటికి పోయి భార్య మొగిలమ్మతో, "ఇగ నా పేరు గోడ మీదనే ఉంటదే. సున్నం గొట్టరు," అని పిల్లవాడిలా సంబరపడ్డాడు.

జపాను అతిథులు రాలేదు. హైదరాబాదులోనే పని ముగించుకొని వెళ్లిపోయారు. మంత్రిగారు వస్తామన్నారు కాబట్టి సభ ఆపడం కుదరదు. నటుడి పటానికి తెర కట్టారు. మంత్రిగారు ఆలస్యంగా వచ్చి తెర లాగారు.

మన హాళ్లలో ఒక ఆచారం ఉంది, మీకు తెలియనిది కాదు. ఫ్రేము కట్టి, ఎత్తున తగిలించి, కింద పేరు రాశారంటే ఆ మనిషి గొప్పవాడై ఉండాలి, పోయినవాడై ఉండాలి. మంత్రిగారు చెప్పులు విడిచారు. దండ వేశారు. పేరు చదివి, గట్టయ్య గారి చెవిలో అడిగారు.

"ఎప్పుడు పోయిండు?"

మంత్రుల మాట కాదనడం గట్టయ్య గారి వంశంలోనే లేదు. "ఈ మధ్యనే సార్," అని కళ్లు తుడుచుకున్నారు.

"సోదర సోదరీమణులారా! స్వర్గీయ ఎల్లస్వామి గారిని నేను దగ్గరగా ఎరుగుదును. పేదల కోసం వారు పడిన వేదన ఈ కళ్లల్లోనే కనబడుతున్నది! వారు కన్న కలలను మన ప్రభుత్వం నిజం చేస్తున్నది!"

పటంలోని ఒక కన్ను మంత్రిగారిని, ఇంకో కన్ను తలుపును చూస్తూ ఉండగా సభ లేచి మౌనం పాటించింది. ఎల్లస్వామి కూడా లేచి తల వంచాడు. అంతమంది పెద్దలు నిలబడితే తానొక్కడూ కూర్చోవడం మర్యాద కాదనుకున్నాడు, పాపం.

మొగిలమ్మ ఊరుకోలేదు. "ఓ సారూ! నా మొగడు గీడ్నే నిలవడ్డడు! బతికున్నోనికి దండేస్తరా?" అని ఏడుపందుకుంది.

"జర ఊకో చెల్లే," అన్నారు గట్టయ్య గారు. "మంత్రిగారు పోయిండని చెప్పినంక నీ మొగడు బతికుంటే సారు ఇజ్జత్ ఏంగావాలె?"

ఆ కన్నీళ్లు చూసి కరిగిన మంత్రిగారు అక్కడికక్కడే ఆమెకొక కుట్టుమిషను ప్రకటించారు. మొగిలమ్మ తిట్టుకుంటూనే తీసుకుంది. జపాను ఆవిడకు బొట్టు పెట్టించిన సభ్యులే, ఇకమీదట హాలుకు వచ్చేటప్పుడు బొట్టు తీసి రమ్మని ఆమెకు మృదువుగా సెలవిచ్చారు.

తర్వాతవన్నీ సక్రమంగానే జరిగాయి. ఒక వీధికి స్వర్గీయుల పేరు పెట్టారు. ఆయనతో జైల్లో ఒకే కంచంలో తిన్నవాళ్లు రఘునాథపల్లిలో కొందరు, స్టేషన్ ఘన్‌పూర్‌లో కొందరు బయటపడ్డారు. ఎల్లస్వామి ఆగలేక గట్టయ్య గారి దగ్గరికి పోయాడు.

"పటేలా, బొమ్మల ఉన్నది నేను గాదు. గీసింది నేను. పేరు ముంగట 'గీసినవాడు' అని ఒక్క మాట రాస్త."

"పాగల్ అయినవా? పోయినోడు తన బొమ్మ తనే ఎట్ల గీస్తడు? జనం నవ్వరా?"

ఎల్లస్వామి వెంట తెచ్చుకున్న కుంచెను మళ్లీ సంచిలో పెట్టుకొని ఇంటిదారి పట్టాడు.

పోయిన వర్ధంతికి, పటం కింద కుంకుమ పూసి పూసి పేరు మాసిందని దిద్దడానికి అతన్నే పిలిచారు. చెప్పులు విడిచి, నిచ్చెనెక్కి, ఎర్ర డబ్బాలో తన పేరు అక్షరం అక్షరం దిద్దుకున్నాడు. దిగేసరికి సభ మొదలైంది. మీరందరూ లేచి తలలు వంచారు. రంగు డబ్బా పట్టుకొని మీ మధ్య నుంచి తలుపు వైపు నడవబోతుంటే, మీలోనే ఎవరో అతని చెయ్యి పట్టి ఆపారు.

"ఏందయ్యా, గంత పెద్దమనిషి కోసం అందరం నిలవడితే నువ్వు పోతాన్నవ్? జర సిగ్గుండాలె."

ఎల్లస్వామి నిలబడ్డాడు.