పాప సీటుకి కట్టేశారా?

ముడి మాస్టారు ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పిల్లకి పాలు పట్టాలి, పెట్టెలు సర్దాలి, మధ్యాహ్నం భార్య ఆఫీసు నుంచి రాగానే అత్తగారితో సహా అందరూ విమానం ఎక్కాలి. వదినగారికి బిడ్డ పుట్టింది, చూసి రావాలి. ఇంత చిన్న ప్రణాళికలో తప్పు జరగడానికి చోటెక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. చోటు లేకపోవడమే అసలు తప్పని తర్వాత తెలిసింది.

పేరుకి మాస్టారే గానీ ఆయనకి పాఠాలతో సంబంధం లేదు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు సర్ది, కట్టి, లారీకెక్కించే కంపెనీలో సూపర్‌వైజరు. బీరువా కానివ్వండి, పియానో కానివ్వండి, ఆయన బెల్టు వేసి బిగించాక దానికి సొంత అభిప్రాయమంటూ ఉండదు. అందుకని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. భార్య నీటి బిల్లులు వసూలు చేసే ఆఫీసులో క్యాషియరు. అద్దం కిటికీ వెనక కూర్చుని "కట్టేశారా? పోయిన నెలది కూడా కట్టారా?" అని సాయంత్రం దాకా అడగడం ఆవిడ పని. ఆయనకి కట్టడమంటే తాడు, ఆవిడకి కట్టడమంటే డబ్బు. పెళ్లయినప్పటి నుంచీ ఈ ఒక్క మాట రెండు అర్థాలతో ఆ ఇంట్లో కాపురం చేస్తూనే ఉంది గానీ ఎప్పుడూ రచ్చకెక్కలేదు.

ఇక పిల్ల. రికార్డుల్లో పేరేదైనా అందరూ పిలిచేది పిడుగు అని. దానికి రెండేళ్లు ఇంకా నిండలేదు, అందుకని విమానంలో వేరే సీటు అక్కర్లేదు, పెద్దవాళ్ల ఒళ్లో కూర్చోవచ్చు. పోయినసారి ప్రయాణంలో అలాగే తండ్రి ఒళ్లో కూర్చుంది. మబ్బుల్లో విమానం ఒక్క కుదుపు కుదిపేసరికి, ఎన్నో బీరువాలని కదలకుండా బిగించిన ఆ చేతుల్లోంచి పిల్ల జారిపోయింది. నుదురు ముందు సీటుకి కొట్టుకుని బొప్పి కట్టింది.

బొప్పి మర్నాటికే తగ్గిపోయింది. భార్య ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి మెట్లు దిగాలన్నా, రోడ్డు దాటాలన్నా "ఇలా ఇవ్వండి" అని పిల్లని తీసేసుకుంటోంది. మాస్టారు చాచిన చేతుల్ని జేబుల్లో పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. అది ఆయనకి లోపల ఎంత గుచ్చుకుంటోందో చెప్పుకోవడానికి బీరువాలు తప్ప ఎవరూ దొరకలేదు.

"ఈసారి ఒళ్లో వద్దు," అని భార్య ముందే తేల్చేసింది. "దానికి వేరే సీటు తీసుకుందాం. అందులో కారు సీటు పెట్టి, బెల్టుతో బిగించి, దాన్ని అందులో కూర్చోబెడదాం. నా ఒళ్లోనూ కాదు, మీ ఒళ్లోనూ కాదు."

ఆ ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూ "పాప సీటు సంగతి మీరు చూడండి, మర్చిపోకండి," అంది. డబ్బు వ్యవహారాలన్నీ ఆవిడవే కాబట్టి, సీటు సంగతంటే బిగించే సంగతే అనుకున్నారు మాస్టారు. పోయిన పరువు తిరిగి తెచ్చుకునే అవకాశం వచ్చిందని సంతోషించారు కూడా.

వెంటనే భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి లాగి, దాని మీద కారు సీటు పెట్టి, కంపెనీ నుంచి తెచ్చిన బెల్టుతో కట్టారు. సరిపోలేదనిపించి ఇంకో బెల్టు కూడా కట్టారు. పిడుగుని అందులో కూర్చోబెట్టి, మబ్బులు ఎలా ఉంటాయో చూపించడానికి కుర్చీని పట్టుకుని ఊపారు. సీటు కదల్లేదు. పిడుగు కిలకిలా నవ్వి "మళ్లీ!" అంది. దానికి వచ్చిన నాలుగు మాటల్లో ఎక్కువగా వాడేది అదే.

అత్తగారు సోఫాలో శాలువా కప్పుకుని ఇదంతా చూస్తున్నారు. "అల్లుడుగారూ, విమానం ఇంత ఊగుతుందా?"

"ఒక్కోసారి ఇంతకన్నా ఊగుతుంది అత్తయ్యగారూ."

"అయితే మీరు వెళ్లి రండి," అన్నారావిడ.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. భార్య. వెనకాల క్యూలో జనం గోల.

"ఏవండీ, పాప సీటుకి కట్టేశారా?"

"ఎప్పుడో కట్టేశాను. ఒకటికి రెండుసార్లు కట్టాను," అన్నారు మాస్టారు గర్వంగా.

"రెండుసార్లా! ఎందుకూ?"

"మొదటిదాని మీద నమ్మకం కుదర్లేదు."

డబ్బు వెళ్లిందో లేదోనని మళ్లీ మళ్లీ మీట నొక్కేవాళ్లని ఆవిడ రోజూ చూస్తూనే ఉంటుంది. తన మొగుడూ ఆ బాపతేనని నిట్టూర్చింది. "ఎక్కువ పట్టిందా?"

"కొంచెం ఎక్కువే పట్టింది. సీటు వెడల్పు కదా."

"వెడల్పుని బట్టి కూడా లాగుతున్నారా! ఏం దోపిడీ అండీ. సరే, ముందు ఆ రెండోది వెనక్కి తీసుకోండి. ఆలస్యం చేస్తే మళ్లీ రాదు."

"రాకపోవడమేం? లాగితే అదే వస్తుంది."

"అయితే లాగండి, వదలకండి," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆఫీసులో కూర్చుని కూడా రెండో బెల్టు అనవసరమని కనిపెట్టిన భార్య తెలివికి మాస్టారు లోలోపల జోహార్లు అర్పించి, దాన్ని విప్పేశారు.

విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి టికెట్లు చూసి చిరునవ్వు నవ్వింది. "ముగ్గురు పెద్దవాళ్లు, ఒళ్లో పాప. అంతేనాండీ?"

"ఒళ్లో కాదు. పాపకి సీటుంది. పొద్దున్నే కట్టేశాం," అంది భార్య.

అమ్మాయి తెర మీద వెతికింది. "కట్టినట్టు ఎక్కడా లేదండీ."

"ఎందుకుండదు? ఈయన రెండుసార్లు కట్టారు. రెండోది వెనక్కి తీసుకున్నారు."

"అప్పుడు పొరపాట్న రెండూ వెనక్కి వెళ్లిపోయి ఉంటాయండీ."

భార్య మొగుడి వైపు తిరిగింది. "రెండూ తీసేశారా?"

"లేదే! నువ్వు చెప్పింది రెండోది, రెండోదే తీశాను," అన్నారు మాస్టారు. "మొదటిది ఇందాక బయల్దేరేటప్పుడు తీశాను."

"బయల్దేరేటప్పుడా! అదెందుకు తీశారు?"

"తీయకపోతే కుర్చీ కూడా మోసుకురావాలి కదా?"

"ఏ కుర్చీ?"

అల్లుణ్ని ఆదుకోవలసిన సమయం వచ్చిందని అత్తగారు గ్రహించారు. "పాపం, ఆయన్ని ఎందుకే అలా నిలదీస్తావు? కట్టారు, నా కళ్లతో చూశాను. భోజనాల బల్ల కుర్చీకి కట్టారు. కింద దిండు కూడా వేశారు."

కౌంటరు అమ్మాయి చిరునవ్వు ఆపేసింది. వెనక క్యూ ముందుకి వంగి చెవులు రిక్కించింది. క్యాషియరుగారి ముఖంలో పొద్దుటి ఫోను సంభాషణ మొత్తం వెనక్కి తిరిగి, ఒక్కొక్క మాటే కొత్త అర్థంతో కనిపించింది.

"అంటే మీరు పొద్దున్నుంచీ చెప్తున్నది... తాడు సంగతా?"

"తాడు కాదు," అన్నారు మాస్టారు నీళ్లు నములుతూ. "బెల్టు."

ఇప్పుడు కడదామంటే విమానంలో ఒక్క సీటూ ఖాళీ లేదు. కారు సీటు కింద సామాన్లలో వేసేయాల్సిందేనంది కౌంటరు అమ్మాయి. భార్య కోప్పడుతుందేమోనని మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు. ఆవిడ కోప్పడలేదు. పిల్లని గుండెకి హత్తుకుని, ఇప్పుడు ఏ మచ్చా లేని ఆ నుదుటి వైపే చూస్తూ "పర్లేదు, నేనే గట్టిగా పట్టుకుంటాను," అంది. ఆ గొంతులో ఉన్నది భయం. అది విన్నాక మాస్టారు ఆగలేకపోయారు.

"అమ్మాయీ, నా సీటు పాపకిచ్చేయండి."

"మరి మీరండీ?"

"నేను రేపొస్తాను. ఎల్లుండొస్తాను. ఎప్పుడు ఖాళీ ఉంటే అప్పుడొస్తాను."

"మీకేమైనా పిచ్చా?" అంది భార్య.

"నేను పక్కనుండి పట్టుకుంటే ఏమైందో చూశాం కదా," అన్నారు మాస్టారు. "నేను లేకపోయినా పర్లేదు. సీటుకి బిగించి ఉంటే అది కదలదు."

భార్య ఆయన వంక కాస్త ఎక్కువసేపే చూసింది. టికెట్టు మార్చారు, పాపకి కిటికీ పక్క సీటు రాశారు. డబ్బు ఈసారి ఆవిడే కట్టింది. మిగిలిన కాస్త సమయంలో మాస్టారు ఆవిడకి పాఠం చెప్పారు. "బెల్టు వెనక్కి ఇక్కణ్ణుంచి దూర్చు. అటు వైపు నుంచి లాగు. లాగేటప్పుడు సీటు మీద మోకాలు వేసి బలంగా నొక్కు."

"విమానంలో మోకాలెక్కించమంటారా?"

"మోకాలు లేకపోతే బిగువు రాదు," అన్నారాయన నిక్కచ్చిగా.

వాళ్లు లోపలికి వెళ్లిపోయాక ఆయన ఒక బెంచీ మీద కూలబడ్డారు. తన చేతిలో పిల్ల లేదు, పెట్టె లేదు, టికెట్టు కూడా లేదు. ఇంటికెళ్లి ఆ కుర్చీ ముఖం ఎలా చూడాలా అని ఆలోచిస్తూండగా కౌంటరు అమ్మాయి రొప్పుతూ వచ్చింది. "ఎవరో రాలేదండీ! చివరి వరసలో ఒక్క సీటుంది. పరిగెత్తండి!"

ఆయన పరిగెత్తారు. విమానం లోపల అడుగు పెట్టేసరికి కిటికీ దగ్గర చిన్న గుంపు కనిపించింది. భార్య ఒక వైపు నుంచి, ఎయిర్‌హోస్టెస్ ఇంకో వైపు నుంచి బెల్టు లాగుతున్నారు. సాయం చేయడానికి వంగిన అత్తగారు వంగినట్టే ఉండిపోయారు. బెల్టుతో పాటు ఆవిడ శాలువా కూడా సీటు వెనక్కి దూరి, అటు నుంచి బకిల్‌లో చిక్కుకుపోయింది.

"వచ్చావా బాబూ," అన్నారావిడ నేల వైపే చూస్తూ. మర్యాదలు పాటించే స్థితిలో లేరు. "దాన్ని కట్టమంటే నన్ను కట్టేశారు."

మాస్టారు చొక్కా చేతులు మడిచారు. అత్తగారిని విప్పారు. శాలువా మడతపెట్టి ఇచ్చారు. కారు సీటు సరిచేసి, బెల్టు దూర్చి, మోకాలు వేసి నొక్కి, ఒక్క లాగు లాగి టక్కున బిగించారు. పిడుగుని కూర్చోబెట్టి భుజాల పట్టీలు వేశారు. పరీక్ష కోసం సీటు పట్టుకుని ఊపితే ముందు వరసలో నిద్రపోతున్న పెద్దమనిషి లేచాడు గానీ కారు సీటు మాత్రం కదల్లేదు.

"ఇంత బాగా కట్టినవాళ్లని నేనింతవరకూ చూళ్లేదండీ," అంది ఎయిర్‌హోస్టెస్. ఆ మాట భార్య విందో లేదోనని మాస్టారు ఓరగా చూశారు. ఆవిడ కిటికీలోంచి రెక్కని శ్రద్ధగా పరిశీలిస్తోంది.

విమానం లేచింది. చివరి వరసలో ఒక భారీకాయుడి పక్కన మాస్టారు కూర్చున్నారు. కూర్చున్నారనడం కూడా అన్యాయమే. బెల్టు గుర్తు ఆరిన మరుక్షణం లేచి, ముందుకెళ్లి, పట్టీ కింద వేలు దూర్చి చూసి వచ్చారు. కాసేపాగి మళ్లీ వెళ్లారు. ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ వెనక్కి పంపింది. మూడోసారి వెళ్లినప్పుడు ఆమె నవ్వలేదు.

"సార్, బెల్టు గుర్తు వెలిగింది. వెళ్లి మీ సీట్లో కూర్చోండి."

"ఒక్క నిమిషం. బిగువు తగ్గిందేమో చూసి..."

విమానం ఆయన వాక్యం పూర్తి కానివ్వలేదు. ఒక్కసారిగా కిందికి జారి, పైకి ఎగిరింది. మాస్టారు పైకి లేచి, తల మీదున్న సామాన్ల అరకి నుదురు కొట్టుకుని, నడవలో చతికిలబడ్డారు. ఎవరిదో కాఫీ వచ్చి ఒళ్లో పడింది. విమానమంతా కెవ్వుమంది. పిడుగు మాత్రం తన సీట్లో నిటారుగా కూర్చుని, కింద ఉన్న తండ్రిని చూసి చప్పట్లు కొట్టింది.

"మళ్లీ!" అంది.

ఎయిర్‌హోస్టెస్ ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకెళ్లి, చివరి సీట్లో కూలేసి, తన చేత్తో బెల్టు బిగించి, పక్కనున్న భారీకాయుడితో "ఈయన్ని లేవనివ్వకండి," అని చెప్పింది. అతను తన బరువైన చెయ్యి మాస్టారి మోకాలి మీద వేసి ఆ బాధ్యత స్వీకరించాడు. మాస్టారి నుదుటి మీద, పిడుగుకి పోయినసారి ఎక్కడ కట్టిందో సరిగ్గా అక్కడే, బొప్పి కట్టింది.

కుదుపులు ఆగి, గుర్తు ఆరాక భార్య చేతిరుమాల్లో మంచుముక్కలు కట్టుకుని వచ్చింది.

"పాపకేం కాలేదు కదా?" అన్నారు మాస్టారు.

"అంగుళం కదల్లేదు. ఇప్పుడే నిద్రపోయింది. అమ్మ చూస్తోంది." ఆవిడ రుమాలు ఆయన నుదుటికి అద్దింది. "కుదుపు రాగానే నేను భయంతో కళ్లు మూసేసుకున్నాను. తెరిచి చూస్తే అది నవ్వుతోంది, మీరు కిందున్నారు."

"పోయినసారి కూడా నేను గట్టిగానే పట్టుకున్నాను," అన్నారు మాస్టారు మెల్లగా.

"తెలుసు. నా ఒళ్లో ఉన్నా జారిపోయేదే. ఆ రోజే అనుకున్నాను. చెప్పడానికే నోరు రాలేదు." ఆవిడ రుమాలు తిప్పి అద్దింది. "దిగేటప్పుడు దాన్ని మీరే ఎత్తుకోండి. నాకు సంచులున్నాయి."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. అంత సంతోషంలో అప్పుడే ఎత్తుకోవడానికి లేవబోయారు గానీ, బెల్టూ భారీకాయుడి చెయ్యీ ఒప్పుకోలేదు.

దిగేటప్పుడు మెట్ల మీద పిడుగు తండ్రి భుజాన పడుకుని నిద్రపోతూనే ఉంది. భార్య సంచులు మోస్తూ వెనకాలే వచ్చింది, ఒక్కసారి కూడా "ఇలా ఇవ్వండి" అనలేదు. అన్నిటికన్నా వెనక అత్తగారు శాలువా రెండు చేతులతో పట్టుకుని జాగ్రత్తగా దిగారు.

తిరుగు ప్రయాణంలో క్యాషియరుగారు పాప సీటుకి ముందే కట్టేసింది, విమానం ఎక్కగానే మాస్టారిని సీటుకి కట్టేసింది.