డాలు మీది ఏటవాలు గీతలు

"నేరస్థుడు ఈ భూమ్మీద రెండు చోట్ల దాక్కోలేడు బామ్మర్దీ. ఒకటి నా కళ్ల ముందు. రెండోది నా వీపు వెనక," అని ప్రకటించాడు బావ, కుట్టుమిషన్ మీది దారపు ఉండను భూతద్దంలోంచి పరీక్షిస్తూ.

దర్జీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. అక్క మొగుడితో వాదించి గెలిచినవాడు వాళ్ల వంశంలో లేడు.

పార్సిల్ ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు మూటలకు చీటీలు అంటించిన బావ, పోయిన నెలలో రిటైరయ్యాడు. మర్నాడే భూతద్దం కొన్నాడు. అప్పటినుంచి ఇంట్లో చెంచా కనిపించకపోయినా, "దాన్ని ఆఖరిసారి ప్రాణాలతో చూసిందెవరు?" అని ఆరా తీయడం మొదలుపెట్టాడు. అక్క వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజున ఆయన్ని తమ్ముడి కొట్టుకి తోలేసింది.

తమ్ముడి కష్టాలు తమ్ముడివి. పెద్ద బజారులోని జెండాల దుకాణంలో పని మానేసి, సొంత కొట్టు పెట్టి అయిదు నెలలైంది. "ఆరు నెలల్లో తిరిగొచ్చి నా మిషన్ ముందే కూర్చుంటావ్," అని పాత యజమాని నవ్వుతూ సాగనంపాడు. ఇన్నాళ్లకు ఒక మంచి పని వచ్చింది. రేపు ఊళ్లోని స్కూలుకు నూరేళ్ల పండుగ, దాని పాత జెండాలాంటిదే మళ్లీ కుట్టాలి. ఆ పాత జెండా ఎగిరి యాభై ఏళ్లయింది, బట్టను పురుగులు తినేశాయి. మిగిలింది ఒక సర్టిఫికెట్ మీద నల్ల సిరాతో అచ్చువేసిన, ఆ జెండా మీది డాలు బొమ్మ. డాలు నిండా ఏటవాలు గీతలు తప్ప రంగు ఊసే లేదు. పాత విద్యార్థుల్ని అడిగితే ఒకాయన నీలం అన్నాడు. ఇంకొకాయన పచ్చ అన్నాడు. ఏ పచ్చండీ, పసుపుపచ్చా ఆకుపచ్చా అని అడిగితే, పచ్చంటే పచ్చేనయ్యా అని కసురుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం మూడింటిలోగా రుజువుతో సహా రంగు తేల్చకపోతే పని పెద్ద బజారుకి ఇచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది.

"ఇవి గీతలు కావు," అన్నాడు బావ సర్టిఫికెట్ మీదికి వంగి. "ఇరవై ఏడు బాణాలు. అన్నీ ఒకే వైపు వాలాయి. ఎక్కడో ఏదో దాచారు."

"ఏం దాచారు బావా?"

"అది తెలిస్తే నేనెందుకు?"

ఇంతలో పక్క కొట్టులో రబ్బరు ముద్రలు తయారుచేసే ముసలాయన తొంగి చూశాడు. "ఆ గీతల సంగతా నాయనా? అవి..."

"ఆగండి," అన్నాడు బావ. "గీతల సంగతి మీకెలా తెలుసు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే."

"నలభై ఏళ్లుగా ముద్రలు చెక్కుతున్నాను కదా, అందుకని..."

"చెక్కుతున్నట్టు ఒప్పుకున్నాడు. రాసుకో బామ్మర్దీ."

దర్జీ గడియారం చూశాడు. రెండున్నర. ముసలాయన చెప్పేది విందామని అతనికి ఉంది, కానీ స్కూల్లోనే సోదా చేయాలంటూ బావ అప్పటికే వీధిలోకి దూకాడు. ఆయన్ని ఒంటరిగా స్కూలుకు వదిలితే ఉన్న పని కూడా ఊడుతుంది. దర్జీ పరుగెత్తాడు. ముసలాయన కర్ర టకటకలాడిస్తూ వెనకే వచ్చాడు.

"చూశావా, అనుమానితుడు మనల్ని వెంటాడుతున్నాడు," అన్నాడు బావ సంతోషంగా.

స్కూలు గేటు పైన అదే డాలు గచ్చుతో పోతపోసి ఉంది. ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ అది తెల్లటి దిబ్బలా ఉబ్బిపోయింది. బావ తోటమాలి నిచ్చెన లాక్కున్నాడు.

"బావా, వద్దు. అది ఊగుతోంది."

"సత్యం ఎప్పుడూ ఊగుతుంది బామ్మర్దీ."

సత్యం సంగతేమోగాని నిచ్చెన పక్కకి జారింది. బావ రెండు చేతులతో డాలును వాటేసుకున్నాడు. బండెడు సున్నం పెచ్చు ఊడి, దానితోపాటు ఆయనా ఎండుటాకుల కుప్ప మీద పడ్డాడు. ఆ చప్పుడుకి హెడ్మిస్ట్రెస్ బయటికి వచ్చింది.

"ఎవరు చేశారిది?"

జీవితంలో మొదటిసారి బావ దగ్గర అనుమానితుడు లేడు. భూతద్దం తీసి ఒక చీమను శ్రద్ధగా చూడసాగాడు. దర్జీకి పెద్ద బజారులోని ఆ మిషన్, ఆ నవ్వు కళ్ల ముందు మెదిలాయి. అయినా నలుగురిలో బావ తల వంచడం చూడలేకపోయాడు.

"నేనే మేడమ్. క్షమించండి," అన్నాడు.

ఆమె పైకి చూస్తోంది. అతనూ చూశాడు. పెచ్చు ఊడినచోట, సున్నం కింద, డాలు నిగనిగలాడుతూ ఆకుపచ్చగా ఉంది.

"ఇందాకట్నించీ నేను మొత్తుకుంటున్నది అదే," అన్నాడు ముసలాయన ఆయాసపడుతూ. "రంగుల అచ్చు లేని రోజుల్లో డాలు బొమ్మకి రంగుకో గీత వేసేవాళ్లు. నిలువుగా గీస్తే ఎరుపు. అడ్డంగా గీస్తే నీలం. ఇట్లా ఎడమ పైనుంచి కుడి కిందికి వాలితే ఆకుపచ్చ. మా గురువు మొదటిరోజే నేర్పాడు."

హెడ్మిస్ట్రెస్ మొహం విప్పారింది. "నెలరోజులుగా రికార్డులన్నీ తిరగేశాను. దీన్ని బయటపెట్టిందెవరండీ?"

చీమ సంగతి వదిలేసి బావ దిగ్గున లేచాడు. "నేను."

"అలాగా," అంటూ ఆమె ఆయన మీసాలకి పట్టిన సున్నాన్ని తీరిగ్గా చూసింది. "అయితే పగలగొట్టింది కూడా మీరే. పాపం, ఆయన తన మీద వేసుకున్నాడు."

భూతద్దం లేకుండా అంత గట్టి పరిశోధన జరగడం బావ ఎన్నడూ చూడలేదు.

ఆమె దర్జీ వైపు తిరిగింది. "మీరు వెళ్లి జెండా కుట్టండి. ఇకమీదట ఈ స్కూలు జెండాలన్నీ మీవే." తర్వాత తోటమాలిని పిలిచి బావకి ఒక గీకుడు రేకు ఇప్పించింది. "మిగతా సున్నం కూడా సాయంత్రంలోగా మీరే తీసేయండి."

దర్జీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆకుపచ్చ తానులో ఎన్ని గజాలున్నాయో లెక్కేసుకుంటూ గేటు దాటుతుంటే, నిచ్చెన పైనుంచి బావ గొంతు తగ్గించి పిలిచాడు.

"బామ్మర్దీ, మీ అక్క అడిగితే దర్యాప్తు ఇంకా సాగుతోందని చెప్పు."