జానెడు ఎత్తున సన్యాసిరావు

తాగుడు మాన్పించే కేంద్రం నుంచి ఇంటికొచ్చిన ఆటో డ్రైవరు సన్యాసిరావు పాదాలు నేలకు జానెడు ఎత్తునే ఆగిపోయాయి. ఇందులో వింతేమీ లేదు. మానేసినవాళ్ళందరికీ ఇంతే, కాకపోతే కొందరికి బెత్తెడు. అంత బరువు దిగాక కాళ్ళు మాత్రం నేలను పట్టుకుని ఏం చేస్తాయని డాక్టరుగారు చెప్పి మరీ పంపారు. భార్య పైడితల్లికి పట్టరాని సంతోషం. తడి గచ్చు మీద అడుగులు పడవు, చెప్పులు అరగవు, అన్నిటికన్నా మనిషి తిన్నగా ఇంటికొస్తాడు.

నచ్చనిది ఊరివాళ్ళకే. తాగుడు ముదిరి మూలపడేసిన బడిపిల్లల ఆటోను సన్యాసిరావు మళ్ళీ తుడిచి బయటికి తీశాడు. పని లేకపోతే పొద్దుపోదు, పొద్దుపోకపోతే కాళ్ళు ఎటు నడుస్తాయో అతనికి తెలుసు. కానీ పిల్లల్ని ఎవరూ ఎక్కించలేదు.

"మానీసినాడంతారు, మరి గాల్లో తేల్తన్నాడేటి?" అన్నాడు ఎర్రునాయుడు. అతని కూతురు మూడో తరగతి. 'డ్రైవరు తేలుతున్నాడు' అని రవాణా ఆఫీసుకు అర్జీ కూడా పెట్టాడు. అక్కడి గుమాస్తా భాషాభిమాని. అచ్చుతప్పు కాబోలనుకుని ఏత్వం కొట్టేసి దీర్ఘంతో కొమ్మిచ్చాడు. 'తూలుతున్నాడు' అయింది. లైసెన్సు ఆగిపోయింది. కొమ్ము ఇవ్వడం గుమాస్తా చేతిలో పనే గానీ, తీయాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలట.

ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టరు మంచివాడు. సన్యాసిరావును కుర్చీలో కూర్చోమన్నాడు, అతను కుర్చీకి జానెడు పైన కూర్చున్నాడు.

"చూడవయ్యా, డ్రైవరన్నవాడి కాళ్ళు నేల మీద ఉండాలి. ఒక్క పెగ్గు వేసుకుని రా, ఆనుకుంటాయి. అప్పుడు తాగుడు మానేశావని నేనే రాసిస్తాను."

సలహా సబబుగానే ఉంది. సన్యాసిరావుకు నోరూరింది కూడా, దాచడం దేనికి. భయం కూడా వేసింది. గుటక మింగి అన్నాడు.

"నాను దిగనండి బాబూ. అయినా బ్రేకు నేల మీదుంతాదేటండీ? అదీ జానెడెత్తునే గదా ఉంతాది."

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి, ఆటోలోకి వంగి చేత్తో కొలిచాడు. జానెడే. మేక అడ్డమొస్తే ఆగుతుందో లేదో చూద్దామన్నాడు. మేకా వచ్చింది, ఆటో ఆగింది. ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చి కొమ్ము ఊడింది. పైడితల్లి వీధి వీధంతా పూర్ణాలు పంచింది. తిన్నవాళ్ళు చేతులు తుడుచుకుని సరే, పిల్లల్ని పంపుతామన్నారు.

మర్నాడు పొద్దున్న ఎర్రునాయుడు కూతుర్ని తీసుకొచ్చాడు. అతని కాళ్ళు నేల మీదే ఉన్నాయి, ఒకటి ఇటూ ఒకటి అటూ పడుతున్నాయి. పిల్లే అతన్ని నడిపించుకొస్తోంది. దాన్ని ఎక్కించి, అతను కదలకుండా నిలబడ్డాడు.

"సన్నేసీ, ఆ కేంద్రంలో మంచాలు కాళీ ఉన్నాయేటి?"

"ఉన్నాయి. ఎక్కు మావా. పిల్లల్ని దించీసి నిన్ను దించుతాను."

పిల్ల జరిగి తండ్రికి చోటిచ్చింది. ఆటో పాటలతో బయలుదేరింది.

పదిహేనేళ్ళుగా ఎర్రునాయుడు తూలుతుంటే ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడతను కేంద్రానికి వెళ్తుంటే ఎవరో తలుపు తీసి చూసి, ఇతని మీద ఇకనుంచి ఓ కన్నేసి ఉంచాలి అనుకున్నారు.