వేపమండల చలువ

ఎనభై రెండో సంవత్సరం రోహిణి కార్తె మొదటి సోమవారం నాటికి చెంగల్రాయుడి చేతిలో ఉన్నవి ఇవి: చిత్తూరు మామిడి మండీల వీధిలో ఒక పెంకుటిల్లు, దాని వెనక గదిలో వరిగడ్డి మీద పరిచిన మూడు టన్నుల బేనీషా మామిడికాయ, నట్టింట్లో ఒక ఫ్యాను, నాలుగు బల్బులు, రెండు నెలల కరెంటు బిల్లు, మునిలక్ష్మి అనే ఒక భార్య. బిల్లును నష్టం కింద రాసుకున్నాడు. భార్యను ఏ పద్దులో వెయ్యాలో పదహారేళ్ళుగా తేలలేదు.

ముందు గదిలో వ్యాపారం, వెనక గదిలో సరుకు, మధ్యలో సంసారం. ఉన్న దుడ్డంతా ఆ కాయ మీదే పెట్టాడు. గురువారం మద్రాసు వ్యాపారి సౌందరరాజన్ లారీ తెచ్చి మొత్తం ఎత్తుకుపోతే ఏడాది గడిచినట్టే. ఎత్తుకుపోకపోతే ఏమిటన్నది ఆయన ఆలోచించలేదు. మూడేళ్ళుగా ఎత్తుకుపోతూనే ఉన్నాడు.

వీధిలో ఆయన్ని జీరోవాటు చెంగల్రాయుడు అంటారు. ఫ్యాను మీద ఆయనకొక సిద్ధాంతం ఉంది. అది కొత్త గాలిని పుట్టించదు, ఉన్న గాలినే తిప్పుతుంది. ఉన్నదాన్ని తిప్పడానికి దుడ్డెందుకు?

"ఏమ్మే, ఈ పొద్దు నుంచి మెయిన్ ఆపేస్తా ఉండా," అన్నాడు.

"ఆపి?"

"తలుపులూ కిటికీలూ మూసేస్తాం. వేపమండలు తడిపి గుమ్మాలకు కడతాం. వేపగాలి సల్లన. దానికి మీటరు లేదు."

మునిలక్ష్మి చేతిలో చేట ఆగింది. "వీధి గుమ్మానికా?"

"ఎండ వీధిలోంచే గదా వస్తాది!"

"ఇదో, నా మాట ఇను..."

"పోపు పెడితే ఉడుకు. కాబట్టి పోపు వద్దు. అంబలి, పెరుగన్నం సాలు. మాట్లాడినా ఉడుకే. నోరు మూసుకుంటే ఇల్లు సల్లబడతాది."

ఆమె మళ్ళీ నోరు తెరిచింది. ఆయన పెదవి మీద వేలు పెట్టుకుని, "ఉడుకు," అన్నాడు.

మునిలక్ష్మి నోరు మూసుకుంది. మొగుడి మాట అంత పూర్తిగా ఆమె వినడం అదే మొదటిసారి. ఆ ఒక్క సంగతి ఆయనకు అనుమానం తెప్పించాల్సింది. తెప్పించలేదు.

పిల్లలిద్దరూ సెలవులకని ఐరాలలో అమ్మమ్మ దగ్గర ఉన్నారు. అడ్డుచెప్పేవాళ్ళు లేరు. పొద్దు ఎక్కేలోపల చెంగల్రాయుడే నిచ్చెన వేసుకుని వీధి గుమ్మం నిండా వేపమండలు కట్టాడు. మామిడి వాసనకు ఈగలు మూగుతున్నాయని గడపంతా పసుపునీళ్ళు చల్లాడు. మెయిన్ ఆపాడు. మీటరులో ఎర్రగీత చక్రం ఇంకో అరచుట్టు తిరిగి నిలిచిపోయింది.

ఇల్లు చల్లబడిందో లేదో గానీ, చప్పుడు పోయింది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఆకుపచ్చని చీకటి. ఆకుల మీంచి నీటి బొట్టు గడప మీద పడితే అది కూడా వినిపించేది. వెనక గదిలోంచి పండు వాసన సన్నగా జారి వస్తోంది. మునిలక్ష్మి గోడకానుకుని, కళ్ళు సగం మూసి, మాట్లాడకుండా కూర్చుంది. చెంగల్రాయుడు ఆగిన చక్రాన్ని చూసుకుంటూ మురిసిపోయాడు.

మంగళవారం లాభాలు మొదలయ్యాయి. పాలు పోసే ఆనందమ్మ రోజూ వీధి మొదట్లో నుంచే అరుస్తుంది. ఆ రోజు అరవలేదు. పాలచెంబు గడప బయట పెట్టి, వెనక్కి వెనక్కి నడిచిపోయింది. ఆయన చిల్లర పట్టుకుని వెంటపడితే, "ఈ ఇంటి దుడ్డు నాకొద్దన్నా," అని గొంతు తగ్గించి చెప్పి పరిగెత్తింది. చెంగల్రాయుడు ఉచితంగా వచ్చిన పాలను జమలో వేశాడు.

బుధవారం గడప ముందు రెండు ఎళనీరు కొబ్బరిబోండాలు, ఒక కుండెడు మజ్జిగ కనిపించాయి. పెట్టినవాళ్ళు కనిపించలేదు. వాటినీ జమలో వేశాడు. అడుక్కునేవాళ్ళు రాలేదు. అప్పడిగేవాళ్ళు రాలేదు. ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టేవాడు లేడు. గోలీలాడే పిల్లలు వీధి అవతలి వైపుకు మారారు. జనం వస్తున్నారు, పోతున్నారు. ఆయన ఇంటి ముందుకు వచ్చేసరికి మాత్రం మాట ఆపుతున్నారు.

మధ్యాహ్నం మీటరు చూసే మనిషి వచ్చాడు. చెంగల్రాయుడు సంతోషంగా తలుపు ఓరగా తెరిచి, "రాప్పా, సూడు, సక్రం ఎట్ల నిద్రపోతా ఉండాదో!" అన్నాడు. ఆ మనిషి ఆయన ముఖంలోకి చూడలేదు. ఆయన తల మీదుగా ఇంటి లోపలి చీకట్లోకి చూశాడు. చెంపలేసుకున్నాడు. పోయొస్తానని కూడా అనకుండా పోయాడు.

కరెంటు మనిషి మీటరు చూడకుండా పోవడం చెంగల్రాయుడు బతుకులో ఎరగడు. తనకేమైనా అయిందా? తాను బతికే ఉన్నాడా? తొడ గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది, కానీ నొప్పి లెక్కలోకి వచ్చే సాక్ష్యమో కాదో తెలియలేదు.

"ఏమ్మే, నేను నీకు కనపడతా ఉండానా?"

మునిలక్ష్మి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి కళ్ళు మూసుకుంది.

గురువారానికి ఇంట్లో పండు వాసన ఊపిరాడనివ్వలేదు. మూసిన ఇంట్లో, గాలి లేని ఉక్కలో, ఆరు రోజులకు పండాల్సిన కాయ మూడు రోజులకే పసుపెక్కింది. లారీ ఇప్పుడొస్తేనే సరుకు. రేపొస్తే చెత్త.

లారీ వచ్చింది. చెంగల్రాయుడు కిటికీ సందులోంచి చూశాడు. సౌందరరాజన్ దిగి, నాలుగడుగులు వేసి, ఠక్కున నిలబడ్డాడు. కాలే రోడ్డు మీద చెప్పులు విప్పాడు. చెంగల్రాయుడు నిలబడిన కిటికీ వైపే తిరిగి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత చెప్పులు చేత పట్టుకుని లారీ ఎక్కాడు. లారీ హారను కొట్టకుండా ఎదురు మండీ ముందుకు పోయి ఆగింది.

"స్వామీ! సౌందరరాజన్!" అని చెంగల్రాయుడు పంచె ఎగగట్టి వీధిలోకి దూకాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎదురు మండీ గోవిందయ్య బస్తా చాటుకు తప్పుకున్నాడు.

"నువ్వు బయటికి రాగూడదప్పా! ఇంట్లో తల్లిని పెట్టుకుని వ్యాపారమా?"

"ఏ తల్లి? మాయమ్మ పోయి పదేళ్ళాయ!"

"వేపాకు కట్టినావు, పసుపునీళ్ళు సల్లినావు, పోపు మానేసినావు. అమ్మవారు పోసింది గదా ఇంట్లో? ఎవరికని మేం అడగలే. అడగగూడదు."

చెంగల్రాయుడు వెనక్కి తిరిగి తన ఇంటిని చూశాడు. మూడు రోజులుగా వీధి చూస్తున్న ఇంటిని ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు. అది తన ఇల్లులా లేదు.

ఇంట్లోకి పరిగెత్తి, "నాకు ముందే ఎందుకు సెప్పలే?" అని అరిచాడు.

మునిలక్ష్మి పెదవి మీద వేలు పెట్టుకుని, "ఉడుకు," అంది.

ఆయన వేపమండల మీద చెయ్యి వేశాడు. "నిలబడు, అబ్బయ్యా!" అని బయటి నుంచి కేక. పక్కింటి ముసలామె గంగులమ్మ. వీధిలో ఎవరింట అమ్మవారు పోసినా సాగనంపేది ఆమే. "తల్లిని అట్ల గెంటేస్తారా? ఆదివారం నీళ్ళు పోయించి, గంగమ్మకు పొంగలి పెట్టి పంపాల."

"అత్తా, తల్లి లేదు, గిల్లి లేదు. కరెంటు మిగలాలని కట్టినా!"

గంగులమ్మ ముఖం నల్లబడింది. "తల్లి గురుతు కట్టి బిల్లు తగ్గించుకున్నావా? ఆ మాట ఇంకోసారి అనబాక. ఇన్నారంటే నీ మండీలో కాయ కాదు, పిందె గూడా ఎవురూ ముట్టరు."

చెంగల్రాయుడు మండల మీంచి చెయ్యి తీసేశాడు. అప్పుడు, నాలుగు రోజులుగా ఒక్క మాట తప్ప పలకని గొంతు ఒకటి నట్టింట్లోంచి వచ్చింది. ఎండిపోయిన గొంతు, మునిలక్ష్మిది కానే కాదనిపించింది.

"గాలి..."

గంగులమ్మ మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించింది. "తల్లి అడగతా ఉండాది, నాయనా!"

చెంగల్రాయుడు మునిలక్ష్మి కళ్ళల్లోకి చూశాడు. అవి ఆయన్ని చూడటం లేదు. పైన ఆగి ఉన్న ఫ్యాన్ని చూస్తున్నాయి. వేసేది నాటకమో కాదో పదహారేళ్ళ కాపురంలో కనిపెట్టలేనివాడు ఆ క్షణంలో కనిపెట్టగలడా? పోయి మెయిన్ వేశాడు. మీటరు చక్రం కదిలింది.

"కాయ?" అన్నాడు సన్నగా.

"తల్లి నిలబడిన ఇంట్లో పండింది తల్లిదే," అంది గంగులమ్మ.

ఆదివారం పొంగలి పెట్టారు. సగం పండ్లు వీధి తిన్నది, సగం ఆవులు తిన్నాయి. జనం చెంగల్రాయుడి భక్తిని పొగుడుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కో టెంకనూ చూశాడు. గంగులమ్మ మంత్రించి మండలు విప్పింది. ఆయనకు వేపాకు నీళ్ళు పోసింది మునిలక్ష్మి. పోస్తూ పోస్తూ చెంబు ఆపేసింది.

"ఇదో, నీ పొట్ట మీద ఇదేంది?"

ఒక పొక్కు. నీటి బొట్టంత. దాని పక్కన ఇంకొకటి. వీపు మీద మరికొన్ని.

విప్పిన మండలు గంగులమ్మ మళ్ళీ కట్టింది.

చెంగల్రాయుడు తొమ్మిది రోజులు ఫ్యాను కింద వేపాకుల పక్క మీద పడుకున్నాడు. తల్లికి ఆడే గాలి కింద ఇంకొకరు పడుకోకూడదని మునిలక్ష్మి తనకు వేరే బల్ల ఫ్యాను తెప్పించింది. ఆ వాయిదాల కాగితం మీద ఆయనే చెయ్యి చాపి సంతకం పెట్టాడు.

తొమ్మిదో రోజు పడుకునే లెక్క తేల్చాడు. పోయింది మూడు టన్నుల బేనీషా. మిగిలింది నాలుగు రోజుల కరెంటు, ఎనిమిది యూనిట్లు. ఖర్చయింది పన్నెండు రోజులుగా రాత్రీ పగలూ తిరుగుతున్న గాలి. వచ్చింది ఒక కొత్త ఫ్యాను. ఇక ఒంటి మీదివి మిగిలాయి. చేతి మీద నుంచి మొదలుపెట్టి ముప్పై ఏడు దాకా వచ్చాడు.

మునిలక్ష్మి ఆయన వేలు పట్టుకుని ఆపింది. "అవి మాత్రం ఎంచగూడదు. ఎంచితే తల్లికి కోపం."

చెంగల్రాయుడు చెయ్యి దించేశాడు. ఆ ఏటి లాభం ఎంతో ఆయనకు ఇప్పటికీ తెలియదు.