ఎనభై గజాల అవతల

ఆ శనివారం పొద్దున లెస్టర్ బ్రిగ్స్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి రాయి మీద గుడ్డ తీయాలి, పదింబావుకి మొదటి బంతి విసరాలి, పదిన్నరకల్లా పక్క ఊరు కోబ్‌టన్ కుళ్ళి చావాలి.

మసాచుసెట్స్ కొండల్లో ఎల్మ్‌బరీ, కోబ్‌టన్ ఊళ్ళు రెండూ బేస్‌బాల్ తమ దగ్గరే పుట్టిందని తాతల నాటి నుంచి కొట్టుకుంటున్నాయి. ఎల్మ్‌బరీ పోస్టుమాస్టరుగా రిటైరైన లెస్టర్ పదకొండేళ్ళు పాత కాగితాల దుమ్ము మింగి సాక్ష్యం పట్టాడు. అది 1788లో ఊరి సభ చేసిన చట్టం: కిటికీ అద్దాలు పగులుతున్నందున ప్రార్థనా మందిరానికి ఎనభై గజాల లోపు ఎవరూ బేస్‌బాల్ ఆడరాదు. అసలు ఆడేవాళ్ళే లేకపోతే నిషేధం దేనికి? ఆ చట్టాన్నే రాయి మీద చెక్కించి, మందిరం పక్కనే పాతించాడు. ఊళ్ళో పచ్చిక ఉన్నది అక్కడే మరి.

గుడ్డ తీశాడు. పాతకాలపు ఉన్ని చొక్కాల్లో చెమటలు కక్కుతున్న ఆటగాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

"ఈ చట్టం ఎప్పుడు రద్దయిందండీ?" అని ఉత్సవం గురించి రాయడానికొచ్చిన పత్రికా విలేకరి అడిగింది.

"రద్దా? ఇవాళ్టికీ అమల్లో ఉంది!" అంటూ లెస్టర్ ఛాతీ విరుచుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

కానిస్టేబుల్ గ్వెన్ రాయిని రెండుసార్లు చదివింది. "అయితే ఇక్కడ ఆడకూడదు కదండీ లెస్టర్ గారూ?"

"ఇది ఉత్సవం అమ్మాయీ!"

"ఉత్సవాలకి మినహాయింపు లేదండీ. మీరేగా చెక్కించింది."

అక్కడికక్కడే రద్దు చేసేద్దామన్నారు ఊరి పెద్దలు. తమాషా చూడ్డానికొచ్చిన కోబ్‌టన్ మ్యూజియం పెద్ద ఎల్బర్ట్ పీస్ గొంతెత్తాడు. "చేసెయ్యండి బాబూ! మీ సాక్ష్యం కాస్తా చిత్తుకాగితమైపోద్ది, మాకూ పీడా వదిలిపోద్ది!"

లెస్టర్‌కి ఒళ్ళు మండింది. "ఒక్క అక్షరం ముట్టుకున్నారంటే చూడండి! ఎనభై గజాలు కొలవండి, అవతలే ఆడదాం!"

"కాస్త కూర్చోవయ్యా మగడా," అని భార్య డోరిస్ చొక్కా పట్టి లాగింది. చెబితే వినే మనిషైతే పదకొండేళ్ళ క్రితమే వినేవాడు.

కొలిచారు. తూర్పున సమాధులు, ఉత్తరాన ముళ్ళపొదలు, దక్షిణాన రోడ్డు. పడమట మాత్రం వాగు, వాగు దాటితే బల్లపరుపు మైదానం. జనం కుర్చీలూ నిమ్మరసం జగ్గులూ మోసుకుంటూ వాగు దాటారు. బూట్లు తడిసినా తల దించకుండా నడిచిన లెస్టర్ మొదటి బంతి విసిరాడు. అందరూ ఈలలు వేస్తుంటే, పడ్డ కష్టమంతా ఫలించిందని అతని కళ్ళు చెమర్చాయి.

ఎల్బర్ట్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ధన్యులమయ్యాం లెస్టరూ! మా కోబ్‌టన్ గడ్డ మీద ఇంత ఘనంగా మొదటి బంతి..."

"మీ గడ్డా?"

"వాగేగా సరిహద్దు! పోస్టుమాస్టరువి, తెలీదూ?"

తెలుసు. ముప్పై ఏళ్ళు అతని పోస్టాఫీసు బట్వాడా ఆ వాగు ఒడ్డునే ఆగిపోయేది. ఇప్పుడు లెస్టర్‌కి ఏడుపొక్కటే తక్కువ. విలేకరి అప్పటికే అంతా రాసేసుకుంది.

సోమవారం తెల్లారగానే కోబ్‌టన్‌వాళ్ళు ఒక రాయికి ఆర్డరిచ్చారు.