ఆస్పరిలో రాగి టీ

కుటుంబ నియంత్రణ గురించి ఊళ్లలో నచ్చజెప్పడం జ్యోతి ఉద్యోగం. ఆదోని నుంచి ఆలూరు దాకా ఏ వాట్సాప్ గ్రూపులో చూసినా ఆమె ఉంటుంది. ఆ పొద్దున కూడా ఒక చేత్తో ఉగ్గాని కలుపుతూ ఇంకో చేత్తో మెసేజి కొడుతోంది. ఆస్పరి శిబిరానికి పోయినసారి ఒక్కరూ రాలేదు. ఈసారీ రాకపోతే ఎత్తేస్తామన్నారు పైవాళ్లు. ఎత్తేస్తే ఆ ఊరి పల్లవి గతేమిటి? ఇద్దరు చంటిపిల్లల తల్లి. "ఇంకోర్ని మోయలేనక్కా" అని గుట్టుగా ఫోను చేసింది. అత్త దేవక్క ఆ పిల్లను ఊరు దాటనివ్వదు.

"ఇంగ్లీషు ముక్కలొద్దు, అంతా తెలుగులో పెట్టమ్మా" అని పెద్ద డాక్టరు చెప్పి ఉన్నాడు. కాపర్ అంటే రాగి కదా! కాపర్ టీని జ్యోతి చక్కగా తెలుగు చేసేసింది. 'శుక్రవారం ఆస్పరిలో ఆడవాళ్లకు రాగి టీ ఉచితం. ఒక్కసారి చాలు, పదేళ్లు దిగులుండదు.' అసలు బొమ్మ పెడితే సిగ్గుపడతారని మందారపువ్వు పెట్టింది.

ఈ సీమలో రాగి అంటే సంగటే గుర్తొస్తుంది. మెసేజి ఆలూరు చేరేసరికి షుగరు తగ్గుతుందని తోక చేరింది. తిరిగి ఆస్పరికి వచ్చేసరికి మోకాళ్ల నొప్పి కూడా పోతుందని తేలింది.

శుక్రవారం జ్యోతి ఆటో దిగి చూస్తే శిబిరం ముందు జాతర! అందరి చేతుల్లో గ్లాసులు, ఫ్లాస్కులు. అందరికంటే ముందు, కర్ర పొడుచుకుంటూ, పాలక్యానుతో, పాలు పోసే మారుతి.

"ఏమన్నా, ఆడోళ్లకని రాసినాను కదా?"

"మాకూ మోకాళ్లుండాయి కదక్కా!"

అంతలో దేవక్క కోడలి రెక్క పట్టుకుని దూసుకొచ్చింది. "నాకో గ్లాసు, మా పల్లవికో గ్లాసు పొయ్ మే!"

జ్యోతి ఆ గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఇది తాగేది కాదు దేవక్కా. కాన్పుకు కాన్పుకు ఎడముండేకి లోపల పెట్టేది."

"తాగేది కాకుంటే టీ అని యాల రాసినావు?"

"దాని ఆకారం ఇంగ్లీషు అక్షరం టీ మాదిరి ఉంటాది."

జనం గొల్లుమన్నారు. దేవక్క మాత్రం నవ్వలేదు. "అంటే... కోత లేదా?"

"కోత లేదు, కుట్టు లేదు. వద్దనుకుంటే డాక్టరమ్మే తీస్తాది."

"పత్తి ఏరేకి పోవచ్చునా?"

"రెండ్రోజులాగి పోవచ్చు."

"అత్తా, నాకు కావల్ల" అంది పల్లవి, తలెత్తి.

"కోత లేదని ముందే సెప్పేకి ఏం రోగం? కడుపు కోస్తారని కదే నేను అడ్డం పడింది! పో లోపలికి" అని దేవక్క కోడలి చేతిలోని గ్లాసు లాక్కుంది. ఆమె వెనకే ఇంకో నలుగురు గ్లాసులు కింద పెట్టి వరస కట్టారు. శిబిరం నిలబడింది.

మారుతి ఇంకా అక్కడే ఉన్నాడు. "అక్కా, మగోళ్లకి ఏమీ లేదా?"

"యాల లేదన్నా? కోత, కుట్టు లేని ఆపరేషనుండాది. రా, కూసో."

కర్ర ఒకవైపు, క్యాను ఒకవైపు పడేసి మారుతి ఆలూరు రోడ్డున పోతున్న ఆటోను కూడా దాటి పరుగెత్తాడు.

మోకాళ్ల సంగతి మెసేజికి ఎవరు తగిలించారో గానీ, అబద్ధం మాత్రం రాయలేదు.